‘చివరి కోరిక’ అనే మాట తెచ్చిన చిక్కు: జబ్బుపడిన పిల్లల కోరికలు తీర్చే సంస్థలు, గోదావరి డెల్టా

క్లుప్తంగా

ప్రాణాపాయం ఉన్న జబ్బుతో చికిత్స పొందుతున్న పిల్లల కోరికలు తీర్చే సంస్థలు, ఆ బిడ్డ బతకడని తేలితేనే రావు. జబ్బు తీవ్రమైనదని డాక్టరు ధ్రువీకరిస్తే చాలు. తెలుగులో ఈ పనికి ‘చివరి కోరిక’ అన్న పేరు పడిపోవడంతో తల్లిదండ్రులు భయపడతారు, డాక్టర్లు మాట ఎత్తరు, అడిగేసరికి ఆలస్యమవుతుంది. కోరికను సరిగ్గా తెలుసుకోవడం, చికిత్స క్యాలెండరుకు దాన్ని జత చేయడం, డెల్టాలో నీటినీ దారినీ లెక్కలోకి తీసుకోవడం మీదే ఫలితం ఆధారపడి ఉంటుంది.

శీర్షిక చదివేది ఎవరు?

పత్రికలో ఒక ఫొటో వస్తుంది. ఖాకీ చొక్కా, తలకు మించిన టోపీ, పెద్ద కుర్చీలో చిన్న పిల్లవాడు. పైన శీర్షికలో ‘చిన్నారి చివరి కోరిక’ అని ఉంటుంది. ఆ పిల్లవాడికి పదకొండేళ్లుంటే తెలుగు చదవడం వచ్చు. తన గురించి ఊరంతా ఏమనుకుంటోందో అతనికి ఆ రెండు మాటల్లోనే తెలిసిపోతుంది. అమ్మ ఇంతకాలం ‘రక్తం తక్కువైంది నాన్నా, మందులు వాడితే తగ్గిపోద్ది’ అని చెప్పుకుంటూ వచ్చిన మాట ఒక్క పూటలో అబద్ధమైపోతుంది.

నిజానికి అబద్ధం అమ్మ మాటలో కన్నా శీర్షికలోనే ఎక్కువ. పిల్లల్లో ఎక్కువగా కనిపించే రక్త క్యాన్సర్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా. మంచి వైద్యం పూర్తిగా అందిన చోట ఇది ఎక్కువ మందిలో నయమయ్యే జబ్బు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం సంపన్న దేశాల్లో క్యాన్సర్ వచ్చిన పిల్లల్లో 80 శాతానికి పైగా బతుకుతున్నారు. పేద దేశాలు చాలావాటిలో ఆ సంఖ్య 30 శాతం లోపే. ఈ తేడాను తగ్గించి 2030 నాటికి కనీసం 60 శాతం మందిని బతికించాలని ఆ సంస్థ 2018లో లక్ష్యం పెట్టుకుంది. జబ్బు గుర్తించడంలో ఆలస్యం, చికిత్స మధ్యలో మానేయడం ఈ తేడాకు పెద్ద కారణాలు. అలాంటప్పుడు కోరిక అడిగిన ప్రతి బిడ్డనూ మరణానికి అప్పగించినట్టు రాయడం తప్పు. చికిత్సకు అది చేటు కూడా.

పేరు ఎలా పడింది

ఈ పద్ధతి మొదలైన సందర్భమే ఆ పేరుకు కారణం. 1980లో అమెరికాలోని ఆరిజోనా రాష్ట్రంలో లుకేమియాతో ఉన్న ఏడేళ్ల క్రిస్ గ్రీసియస్ పోలీసు కావాలనుకున్నాడు. అక్కడి ప్రజా భద్రతా విభాగం వాళ్లు ఏప్రిల్ 29న అతన్ని హెలికాప్టర్ ఎక్కించారు. కొలతలు తీసి యూనిఫాం కుట్టించారు. గౌరవ అధికారిగా ప్రమాణం చేయించారు. మే 3న ఆ పిల్లవాడు చనిపోయాడు. ఆ పనిలో పాలుపంచుకున్నవాళ్లూ అతని తల్లీ కలిసి పెట్టిన సంస్థే మేక్ ఎ విష్. ఏప్రిల్ 29ని ఇప్పటికీ ఆ సంస్థ ప్రపంచ కోరికల దినంగా జరుపుకుంటుంది. భారతదేశంలో దాని శాఖ 1996లో మొదలైంది. 3 నుంచి 18 ఏళ్ల మధ్య పిల్లలకు వర్తిస్తుంది. హైదరాబాద్‌లోనూ దాని కార్యకర్తలున్నారు. 2014లో హైదరాబాద్‌లో క్యాన్సర్‌తో ఉన్న ఒక బాలుడు ఒకరోజు పోలీసు కమిషనర్‌గా కూర్చోవడం తెలుగునాట ఈ పనిని ఇంటింటికీ తెలిసేలా చేసింది.

మొదటి బిడ్డ కోరిక నిజంగానే చివరి రోజుల్లో తీరింది. ఆ తర్వాత అర్హత నియమం మారింది. మరణం దగ్గరపడిందా అన్న ప్రశ్న పోయి, ప్రాణాపాయం ఉన్న జబ్బా కాదా అన్న ప్రశ్న వచ్చింది. నియమం మారినా తెలుగు శీర్షిక మారలేదు.

ఎవరికి వర్తిస్తుంది

రక్త క్యాన్సర్లు, మూత్రపిండం, కన్ను, ఎముక, మెదడులో వచ్చే గడ్డలు, క్రమం తప్పకుండా రక్తం ఎక్కించాల్సిన తలసీమియా, డయాలసిస్ మీద ఉన్న మూత్రపిండాల వైఫల్యం, పుట్టుకతో వచ్చిన తీవ్రమైన గుండె లోపాలు, కండరాలు క్రమంగా క్షీణించే జబ్బులు సాధారణంగా జాబితాలో ఉంటాయి. మందులతో అదుపులో ఉన్న ఆస్తమా, కాలు విరగడం వంటివి రావు. పేరు పంపేది డాక్టరు, నర్సు, ఆసుపత్రి సామాజిక కార్యకర్త, తల్లిదండ్రులు, ఎవరైనా కావచ్చు. కొంచెం పెద్ద పిల్లలైతే తామే అడగొచ్చు. అయితే చివరి మాట చికిత్స చేస్తున్న డాక్టరుదే.

కాగితాలు పెద్దగా ఉండవు. జబ్బు పేరు, చికిత్స ఏ దశలో ఉంది, ప్రయాణానికి అభ్యంతరం ఉందా అని డాక్టరు రాసిచ్చే ధ్రువపత్రం ఒకటి. తల్లిదండ్రుల అంగీకార పత్రం ఇంకొకటి. ఇంతకు ముందు ఏ సంస్థా ఈ బిడ్డ కోరిక తీర్చలేదన్న మాట రాసి సంతకం పెట్టాలి. డబ్బు చేతికివ్వడం, వైద్య ఖర్చు కట్టడం ఇలాంటి సంస్థల పనిలో సాధారణంగా ఉండవు. ఆంధ్రప్రదేశ్‌లో వైద్య ఖర్చును చూసేది ప్రభుత్వ పథకం ఎన్టీఆర్ వైద్య సేవ. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన పథకమే అది. ఈ రెండింటినీ కలిపి చూసే కుటుంబాలు ‘మందులకు లేకపోతే బొమ్మలెందుకు’ అని నిలదీస్తాయి. అడగాల్సిన ప్రశ్నే. దానికి జవాబు కింద వస్తుంది.

డెల్టాలో ఒక ప్రత్యేకమైన లోపం ఉంది. కోనసీమలో గోదావరి పాయల మధ్య ఉండే లంకలోని పిల్లవాడికి జబ్బు అనుమానం వచ్చేది కాకినాడ పెద్దాసుపత్రిలోనో, రాజమహేంద్రవరంలోనో, అమలాపురంలోనో. చికిత్స మాత్రం విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రిలోనో, హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలోనో జరుగుతుంది. కోరికల సంస్థ కార్యకర్తలు కలిసేది ఆ నగరాల్లోని వార్డుల్లోనే. బిడ్డ ఇంటికి వచ్చేశాక ఆ దారం తెగిపోతుంది. నగరంలో చెప్పిన కోరికకు ఊళ్లో పూచీ పడేవాళ్లుండరు. బడిపిల్లలను పరీక్షించే ప్రభుత్వ బాల స్వాస్థ్య బృందాలు, ఆశా కార్యకర్త, బడి హెడ్మాస్టరు ఈ ఖాళీని పూడ్చగలరు. ఏ ఇంట్లో ఏ బిడ్డ మందుల మీద ఉన్నాడో వాళ్లకు ముందే తెలుసు.

కోరిక తెలుసుకోవడం: అసలు పని ఇక్కడే

కోరికలను సంస్థలు కొన్ని రకాలుగా విడదీస్తాయి. ఏదైనా పొందాలి, ఎక్కడికైనా వెళ్లాలి, ఎవరినైనా కలవాలి, ఏదైనా అవ్వాలి. ఈమధ్య ‘ఎవరికైనా ఇవ్వాలి’ అన్నదీ చేరింది. రకం తెలిస్తే ఏర్పాట్లు తెలుస్తాయి గానీ కోరిక తెలియదు. అది తెలియాలంటే ఇద్దరు వాలంటీర్లు బిడ్డతో కనీసం ముప్పావు గంట కూర్చోవాలి. ఒకరు బిడ్డతో మాట్లాడితే రెండోవారు తల్లిదండ్రులను పక్క గదిలోనో అరుగు మీదో మాటల్లో పెడతారు. ఈ విడదీయడం చాలా ముఖ్యం. అమ్మ పక్కన ఉంటే బిడ్డ అమ్మ మొహం చూసి చెబుతాడు. ఇంట్లో అప్పులున్నాయని తెలిసిన పదేళ్ల పిల్ల తన కోసం ఏదీ అడగదు.

మొదటి జవాబును రాసుకోవాలి గానీ నమ్మకూడదు. సంభాషణ తరచూ ఈ తీరులో నడుస్తుంది.

‘నీకు ఏం కావాలనుందమ్మా?’
‘ఫోనండి.’
‘ఫోన్ వచ్చిందనుకో. మొదట ఏం చేస్తావు?’
‘నాన్నకి వీడియో కాల్ చేత్తానండి.’
‘నాన్న ఎక్కడుంటారు?’
‘మస్కట్లో అండి. అమ్మ ఫోనైతే మామ్మ తీసేసుకుంటాది.’

ఇక్కడ కోరిక ఫోన్ కాదు, నాన్న. కోనసీమలో గల్ఫ్‌కు వెళ్లిన ఇళ్లు ఎన్నో ఉన్నాయి కాబట్టి ఇలాంటి జవాబును వాలంటీరు ముందే ఊహించాలి. ఫోన్ కొనిచ్చి ఫొటో తీసుకుంటే పని అయిపోయినట్టే ఉంటుంది. నాన్నను రప్పించాలంటే అక్కడి యజమానికి డాక్టరు ఉత్తరం పంపాలి, సెలవు తేదీ ఖాయం చేయాలి, తిరిగి వెళ్లే టికెట్‌తో సహా తీయాలి. సెలవు దొరకదేమోనన్న అనుమానం ఉన్నంతకాలం బిడ్డకు ఆ మాట చెప్పకూడదు. కష్టమైనా చేయాల్సింది ఈ రెండోదే.

మాటలు రాని చిన్నపిల్లలకు కాగితం, రంగులు ఇస్తారు. గీసిన బొమ్మలో ఎవరెవరున్నారు, బిడ్డ తనను ఎక్కడ గీసుకున్నాడు అని అడుగుతారు. చివర్లో మూడు కోరికలు వరసలో చెప్పమంటారు. మొదటిది కుదరకపోతే రెండోది తీర్చడానికి ఇది పనికొస్తుంది. మూడింటిలోనూ ఒకే మనిషో ఒకే చోటో మళ్లీ మళ్లీ వస్తే అసలు సంగతి అక్కడుందని కూడా అర్థమవుతుంది.

అడిగే రోజును ఎంచుకోవడంలో ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. లుకేమియా చికిత్స మొదటి నెలలో స్టెరాయిడ్లు రోజూ వేస్తారు. తర్వాతి దీర్ఘకాలపు దశలో చాలా పద్ధతుల్లో నాలుగు వారాలకోసారి ఐదు రోజుల పాటు ఇస్తారు. ఆ రోజుల్లో పిల్లలకు విపరీతమైన ఆకలి, చిరాకు, ఏడుపు. అప్పుడు అడిగితే వచ్చే కోరిక బిర్యానీయే. ఆ వారం దాటాక అదే బిడ్డ సముద్రం చూడాలంటాడు. కాబట్టి డాక్టరు దగ్గర మందుల చార్టు చూసి, స్టెరాయిడ్లు ఆపిన వారం తర్వాత కూర్చోవడం మేలు. ఒక్కసారితో తేల్చకుండా రెండు వారాల తేడాతో రెండుసార్లు కలిస్తే ఇంకా మేలు.

చికిత్స క్యాలెండరులో ఖాళీ ఎక్కడుంది

కీమో ఇచ్చాక సాధారణంగా 7 నుంచి 14 రోజుల మధ్య తెల్లకణాలు అడుగంటుతాయి. వాటిలో రోగాలతో పోరాడే న్యూట్రోఫిల్స్ సంఖ్య మైక్రోలీటరు రక్తంలో 500 కన్నా తగ్గితే మామూలు సూక్ష్మక్రిమి కూడా ప్రాణం మీదకు తెస్తుంది. కోరిక తేదీ ఆ రోజుల్లో పడితే ఎంత గొప్ప ఏర్పాటైనా రద్దు చేయాల్సిందే. అందుకే తేదీని సంస్థ గానీ అతిథి గానీ నిర్ణయించకూడదు. డాక్టరు చూపించిన ఖాళీలో అతిథి సమయం వెతకాలి. రెండు రోజుల ముందు రక్తపరీక్ష చేయించి న్యూట్రోఫిల్స్, ప్లేట్‌లెట్లు, హిమోగ్లోబిన్ చూసి డాక్టరు మళ్లీ ఒకసారి సరే అనాలి. మొదట్లో ఇచ్చిన ధ్రువపత్రం ఈ పనికి చాలదు.

అన్నీ బాగున్నా జ్వరం ఒక్కటి మొత్తం లెక్క మార్చేస్తుంది. 100.4 ఫారన్‌హీట్ దాటితే అది సాధారణ జ్వరం కింద లెక్క కాదు. పారాసెట్మాల్ వేసి రేపు చూద్దామనుకోకుండా గంటలోపు నరానికి యాంటీబయాటిక్ పడాలి. కాబట్టి ఏ కోరికకైనా ప్రణాళిక కాగితం మీద మొదటి వరసలో ఉండాల్సింది గంటలోపు చేరగల ఆసుపత్రి పేరు, అక్కడి పిల్లల డాక్టరు నంబరు, బండి ఎవరిది అన్న వివరం. కలిసే వాళ్లలో ఎవరికైనా దగ్గు, జ్వరం, ముఖ్యంగా ఆటలమ్మ ఉంటే వాళ్లు రాకూడదు. కీమో మీద ఉన్న బిడ్డకు ఆటలమ్మ సోకితే ప్రాణాంతకమవుతుంది. పొరపాటున దగ్గరగా మసలినట్టు తేలితే ఆ రోజే డాక్టరుకు చెప్పాలి. రక్షణగా ఇచ్చే మందు ఎంత త్వరగా పడితే అంత పనిచేస్తుంది.

తలసీమియా పిల్లల లెక్క వేరు. రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కిస్తారు. ఎక్కించిన తర్వాతి వారంలో హుషారుగా ఉంటారు, మళ్లీ ఎక్కించే ముందు వారంలో మెట్లెక్కితే ఆయాసపడతారు. మొదటి వారంలో పెట్టుకుంటే సరిపోతుంది. డయాలసిస్ పిల్లలకు వారానికి రెండు మూడు రోజులు ఆసుపత్రిలోనే పోతాయి. కోరిక మధ్యలో మిగిలిన ఒక రోజులో ఇమడాలి, లేదా వెళ్లే ఊళ్లో డయాలసిస్ కుర్చీ ముందే ఖాయం చేసుకోవాలి.

డయాలసిస్ పిల్లల విషయంలో డెల్టాకే ప్రత్యేకమైన ప్రమాదం ఒకటుంది. ఇంటికి ఎవరొచ్చినా బొండాం కొట్టి చేతికివ్వడం కోనసీమ మర్యాద. మూత్రపిండాలు పనిచేయని బిడ్డకు అదే విషమవుతుంది. 100 మిల్లీలీటర్ల కొబ్బరినీళ్లలో సుమారు 250 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. ఒక నిండు బొండాం తాగితే 700 దాకా ఒంట్లోకి చేరుతుంది. అది బయటికి పోయే దారి లేక గుండె లయ తప్పుతుంది. అరటిపండు సంగతీ అంతే. ఆతిథ్యం ఇచ్చే ఇంట్లో, రిసార్టులో, ఆలయంలో ఈ మాట ముందే చెప్పి ఉంచాలి. ఆ పూట ‘వద్దండీ’ అంటే మొహమాటానికి రెండోసారి పెడతారు. స్టెరాయిడ్ల మీద ఉన్న బిడ్డకు పూతరేకులు, కాజా విషయంలో కూడా డాక్టరును అడగాలి. ఆ మందులతో రక్తంలో చక్కెర పెరుగుతుంది.

ఒంటిలో గొట్టం ఉన్న పిల్లల సంగతి మరోటి. చేతినుంచి లోపలికి వెళ్లే పిక్ లైన్ ఉంటే సముద్రంలో, గోదావరిలో, ఈతకొలనులో దిగకూడదు. ఛాతీ చర్మం కింద అమర్చే పోర్టు అయితే, సూది పెట్టి లేనప్పుడు, డాక్టరు సరేనంటే దిగొచ్చు. అంతర్వేదిలో అలల్లో ఆడాలన్న బిడ్డకు పిక్ లైన్ ఉంటే, దాన్ని తీసే తేదీ తెలుసుకుని కోరికను అప్పటిదాకా ఆపడం ఒడ్డున నిలబెట్టి చూపించడం కన్నా నయం. కుక్కపిల్ల, దూడ కావాలన్న వాళ్ల విషయంలోనూ ఇదే పద్ధతి. తెల్లకణాలు నిలకడగా ఉండే దశ వచ్చేదాకా ఆగాలి, వచ్చే జంతువుకు టీకాలు ముందే పూర్తి కావాలి.

ఒక కోరిక, దగ్గరగా: పంటు సరంగు

నరసాపురం–సఖినేటిపల్లి రేవులో పంటు మీద, అంటే మనుషులనూ బళ్లనూ నది దాటించే పెద్ద పడవ మీద, రోజూ బడికి వెళ్లిన పిల్లవాడు ఒక్కరోజు దాన్ని నడిపే సరంగు అవ్వాలనుకున్నాడని అనుకుందాం. ఖర్చు పెద్దగా లేని కోరిక. అయినా ఎన్ని విషయాలు చూడాలో ఇది బాగా చూపిస్తుంది.

కాలంతో మొదలుపెట్టాలి. జులై నుంచి సెప్టెంబరు వరకు గోదావరికి ఎవరూ పూచీ పడలేరు. ధవళేశ్వరం దగ్గర నీరు 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. ఆ రోజుల్లో పంట్లు ఆగిపోతాయి, లంకల్లోకి పడవ తప్ప దారి ఉండదు. అక్టోబరు, నవంబరు తుపాన్ల నెలలు. డిసెంబరు మధ్య నుంచి ఫిబ్రవరి వరకు నది నెమ్మదిగా ఉంటుంది, ఎండ కూడా తక్కువ. సంక్రాంతి వారం మాత్రం వద్దు. రేవు కిక్కిరిసి ఉంటుంది.

నరసాపురం సముద్రానికి దగ్గర. ఆటుపోట్ల ప్రభావం రేవు దాకా వస్తుంది. పోటు మీద నీరు నిండుగా ఉన్నప్పుడు పంటు ఒడ్డుకు దగ్గరగా వస్తుంది, ఎక్కే బల్ల వాలు తగ్గుతుంది. ఈ బిడ్డకు అది చాలా అవసరం. లుకేమియాకు వాడే విన్‌క్రిస్టిన్ మందు నరాలను దెబ్బతీసి పాదం పైకెత్తలేని బలహీనత తెస్తుంది. పైకి మామూలుగా నడిచే పిల్లవాడే ఏటవాలు బల్ల మీద తూలిపడతాడు. ప్లేట్‌లెట్లు తక్కువగా ఉంటే ఆ దెబ్బకు రక్తం ఆగదు. కాబట్టి పోటు వేళ చూసుకోవాలి, బల్లకు రెండువైపులా మనుషులు నిలబడాలి, అవసరమైతే ఎత్తుకుని ఎక్కించాలి. ఎత్తుకునేది నాన్న అయితే పిల్లవాడికి చిన్నతనంగా ఉండదు.

అనుమతి రేవును వేలంలో పాడుకున్న పాటదారు దగ్గరా, అధికారుల దగ్గరా రాతపూర్వకంగా తీసుకోవాలి. ప్రయాణికులు లేని ఒక ట్రిప్పు అడగాలి. ఆ ట్రిప్పు ఆదాయం సంస్థే కట్టాలి, పాటదారు దయ మీద ఆధారపడకూడదు. లైఫ్ జాకెట్ పిల్లల సైజుది ఉండాలి. పెద్దవాళ్లది వేస్తే నీళ్లలో పడినప్పుడు తల మీదుగా జారిపోతుంది. చొక్కా కొత్తగా కుట్టించాలి. ఛాతీలో పోర్టు ఉంటే అక్కడ జేబు కుట్టు, బిగుతు లేకుండా దర్జీకి చెప్పాలి. చేతులు పొడుగ్గా ఉండాలి, టోపీ తప్పనిసరి. ఈ పిల్లలు వాడే మెథోట్రెక్సేట్, కోట్రైమోక్సజోల్ మందులతో ఎండకు చర్మం త్వరగా కమిలిపోతుంది. ఉదయం తొమ్మిదిలోపు పని ముగిస్తే మంచిది. డీజిల్ పొగ వాసనకు వాంతి వచ్చే అవకాశం ఉంది. వాంతి మందు గంట ముందే వేయించి, గాలి ఎదురుగా తగిలే వైపు నిలబెట్టాలి.

పంటు నది మధ్యకు వచ్చాక సరంగు బాబాయ్ చక్రం మీద బిడ్డ చేతులు పెట్టించి, వెనక నుంచి తన చేతులు వదులుగా ఉంచుతాడు. హారన్ కొట్టనిస్తాడు. ఒడ్డు చేరాక ట్రిప్పు పుస్తకంలో సరంగు పేరు రాసే చోట బిడ్డ చేతే పేరు రాయిస్తారు. ఒక ట్రిప్పు కూలి కవరులో పెట్టి ఇస్తారు. ఈ చివరి రెండూ పెద్దగా ఖర్చు లేనివే, కానీ పిల్లలు ఎక్కువకాలం గుర్తుంచుకునేవి. ఆసుపత్రిలో అన్నీ అతనికి జరుగుతాయి, ఇక్కడ అతను ఒక పని చేసి దానికి కూలి తీసుకున్నాడు.

మందులకు లేకపోతే కోరికెందుకు?

కోరిక క్యాన్సర్‌ను తగ్గించదు. అలా చెప్పే సంస్థ ఉంటే దూరంగా ఉండటం మంచిది. అయితే ఉపయోగం లేదనడానికీ వీల్లేదు. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని ఒక పిల్లల ఆసుపత్రిలో కోరిక తీరిన 496 మందిని, అదే రకం జబ్బులుండి కోరిక తీరని 496 మందితో పోల్చారు. 2018లో వెలువడిన ఆ అధ్యయనంలో, అనుకోకుండా ఆసుపత్రిలో చేరాల్సి రాకపోవడం, అత్యవసర విభాగానికి పరుగెత్తాల్సి రాకపోవడం మొదటి గుంపులో ఎక్కువగా కనిపించాయి. దీన్ని జాగ్రత్తగా చదవాలి. పాత రికార్డుల మీద చేసిన పోలిక ఇది. కాస్త కోలుకున్న పిల్లలకే కోరిక తీర్చడం సులువు కాబట్టి, ఆరోగ్యం కుదుటపడటం వల్లే కోరిక తీరి ఉండొచ్చు. ఇజ్రాయెల్‌లో 66 మంది పిల్లలను చీటీ వేసినట్టు రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు ముందు, మరో గుంపుకు తర్వాత కోరిక తీర్చి చూసిన ప్రయత్నం ఇంకొంచెం గట్టిది. ముందు తీరిన పిల్లల్లో దిగులు, ఆందోళన తగ్గాయి, ఆశ పెరిగింది. గుంపు చిన్నదే అయినా ఫలితం ఎటు మొగ్గుతోందో తెలుస్తోంది.

లుకేమియా చికిత్స రెండు నుంచి మూడేళ్లు సాగుతుంది. ఆ కాలమంతా ఎప్పుడు సూది, ఏం తినాలి, బడికి వెళ్లాలా వద్దా అన్నవన్నీ వేరేవాళ్లే నిర్ణయిస్తారు. ఒక్క విషయంలోనైనా బిడ్డ నిర్ణయం చెల్లడం కోరికలోని అసలు సారం. ఎదురుచూపు కూడా అందులో భాగమే. గోడ మీద తేదీ రాసుకుని రోజులు కొట్టేసుకుంటూ గడిపే ఆరు వారాలు, కోరిక తీరిన ఆ ఒక్క పూటకన్నా ఎక్కువ పనిచేయొచ్చు. అయితే దీన్ని లంచంగా వాడకూడదు. ‘మందు మింగకపోతే సరంగు లేదు’ అని ఒక్కసారి అంటే చాలు, కోరిక కూడా ఆసుపత్రి సరుకైపోతుంది.

డబ్బు, ఫొటో

డెల్టాలో ఇలాంటి పనులకు చందా ఇచ్చేవాళ్లకు కొదవ లేదు. తప్పులు జరిగేది పద్ధతి తెలియక. నగదుగా 2,000 రూపాయలకు మించి ఇస్తే విరాళానికి పన్ను మినహాయింపు రాదు, బ్యాంకు ద్వారా ఇవ్వాలి. గల్ఫ్‌లో ఉన్నా భారత పాస్‌పోర్టు ఉన్న వ్యక్తి తన సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపేది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్న అన్నయ్య పంపేది మాత్రం, భారత సంతతివారికిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా, విదేశీ విరాళమే. దానికి కేంద్ర హోంశాఖ దగ్గర విదేశీ విరాళాల చట్టం కింద అనుమతి ఉన్న సంస్థే, ఢిల్లీ స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోని ఖాతాలోనే తీసుకోవాలి. మంచి మనసుతో ఊరి సంఘం ఖాతాలో వేయించుకుంటే సంఘం చిక్కుల్లో పడుతుంది. వ్యక్తి పేరు మీద ఉన్న క్యూఆర్ కోడ్‌కు, బిడ్డ ఏడుస్తున్న ఫొటోతో వచ్చే సందేశానికి పంపే ముందు, చికిత్స చేస్తున్న ఆసుపత్రికి ఫోన్ చేసి అడిగితే సరిపోతుంది.

ఫొటోల దగ్గర కుటుంబాల భయం నిజమైనదే. జబ్బు నయమై పెరిగిన ఆడపిల్లకు పదేళ్ల తర్వాత సంబంధం చూసేటప్పుడు పాత ఫ్లెక్సీ ఫొటో ఎదురొస్తుంది. 2023 నాటి వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారి సమాచారానికి తల్లిదండ్రుల నిర్ధారిత అనుమతి ఉండాలంటోంది. కానీ కోరిక తీర్చడానికి వచ్చినవాళ్లు అడిగితే కాదనలేక సంతకం పెట్టే తండ్రి అనుమతికి విలువ తక్కువ. అందుకని ఫొటో అంగీకారాన్ని కోరిక పత్రంతో కలపకుండా వేరే కాగితంగా, కోరిక తీరాక, ‘వద్దంటే ఏమీ తేడా రాదు’ అన్న వాక్యంతో అడగాలి. జబ్బు పేరు, ఊరి పేరు రెండూ ఒకేచోట రాయకూడదు. ఫ్లెక్సీ అసలు కట్టకూడదు.

నిజంగానే సమయం లేనప్పుడు

అన్ని జాగ్రత్తల తర్వాత కూడా కొంతమంది పిల్లల విషయంలో రోజులే మిగులుతాయి. అప్పుడు పద్ధతి మారుతుంది. కాగితాల కోసం ఆగకుండా డాక్టరు ఫోన్ మాట మీదే మొదలుపెట్టి, 48 గంటల్లో ముగించాలి. ప్రయాణం పెట్టుకోకూడదు. కోరికే ఇంటికి రావాలి. కదిలించాల్సి వస్తే నొప్పి మందు అరగంట నుంచి గంట ముందు వేయాలి. గదిలో ఒకేసారి ముగ్గురు నలుగురికి మించి ఉండకూడదు. పదిహేను నిమిషాలు గడిచాక ఇంకా ఉండాలా అని బిడ్డనే అడగాలి.

పంటు ఇంటికి రాదు. సరంగు వస్తాడు. ఖాకీ చొక్కా, టోపీ, హారన్, ట్రిప్పు పుస్తకం వెంట తెస్తాడు. మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, ఈ పూట నీరు ఎంతుంది, గాలి ఎటు వీస్తోంది, ఎవరెవరు రేవుకు వచ్చారు అని చెబుతాడు. ట్రిప్పు తీయాలా ఆపాలా అని బిడ్డను అడుగుతాడు. తీయమంటే పుస్తకంలో వేళ రాసి, పేరు రాయిస్తాడు. చెయ్యి లేవకపోతే వేలిముద్ర చాలు. ఆ పేజీకి రెండు నకళ్లు తీయించాలి. ఒకటి అమ్మానాన్నలకు. రెండోది అన్నకో చెల్లికో, వాళ్ల పేరు కూడా అదే పేజీలో కళాసీగా, అంటే సరంగు సాయంగా, రాయించి ఇవ్వాలి. ఆ గదిలో కూడా ‘చివరి’ అనే మాట ఎవరూ అనకూడదని వచ్చినవాళ్లందరికీ గుమ్మం బయటే చెప్పి లోపలికి పంపాలి.